గిన్నె ఎక్కించే చెయ్యి

మొన్న ఎజ్రా సార్ ఫోన్ చేసినప్పుడు నేను దుబాయ్ అల్ కుసైస్‌లో మా గది బయట బట్టలు ఆరేస్తున్నాను. ఆయన గొంతు విని రెండేళ్ళు దాటింది. కుశలం అడిగారు, ఎండల గురించి మాట్లాడారు, చివరికి అసలు సంగతికి వచ్చారు. లండన్ నుంచి కూతురు వస్తోందట. నానమ్మ శుక్రవారం పూట పొయ్యి మీద పెట్టి శనివారం మధ్యాహ్నం దించే ఆ కోడీ బియ్యం వంట ఒక్కసారి తినాలని ఉందని అడిగిందట. అదెలా చెయ్యాలో ఇంట్లో ఎవరికీ తెలీదు. "అమ్మ ఏం వేసేదో ఎంతసేపు ఉంచేదో నీకు తప్ప ఎవరికీ తెలీదు లక్ష్మీ" అన్నారు. ఆయన మామూలుగానే అన్నారు. నేను మాత్రం చేతిలోని తడి దుప్పటి మళ్ళీ బకెట్లో పడేశాను. ఒక తల్లి వంట కొడుక్కీ రాక, కోడలికీ రాక, కోనసీమ నుంచి వచ్చిన పనిమనిషి చేతిలో మిగిలిపోవడం ఏం న్యాయమో నాకు అర్థం కాలేదు. శుక్రవారం వస్తానని చెప్పాను. ఆ రోజునుంచీ ఆ ఇల్లే కళ్ళముందు తిరుగుతోంది.

ఆమె పేరు ఫర్హా. నేను అమ్మగారూ అని పిలిచేదాన్ని. మీ ఊళ్ళో నాలాంటి ముసలమ్మని ఏమంటారని మొదటిరోజు అడిగితే ఆ మాట చెప్పాను, ఆవిడకి నచ్చింది. అమ్మగారు యూదుల మనిషి. యూదులంటే నాకు మా ఊరి చర్చిలో పాస్టరుగారి మైకులోంచి వినబడిన మాటే తప్ప, మనుషులుగా ఎప్పుడూ చూసింది లేదు. వాళ్ళు దుబాయ్‌లో బాహాటంగా ఇళ్ళు తీసుకుని ఉండడం మొదలైన కొత్త రోజులవి. ఇంకా అందరి మూతులకీ మాస్కులుండేవి. అప్పటికే నేను ఈ దేశంలో పదేళ్ళు అరబ్బుల ఇళ్ళల్లో పనిచేసి ఉన్నాను, ఏ ఎండకా గొడుగు పట్టడం వచ్చు. ఎజ్రా సార్ వ్యాపారం మీద వచ్చి జుమైరాలో ఇల్లు తీసుకున్నారు. భార్య లండన్‌లోనే ఎక్కువగా ఉండేది. తల్లిని చూసుకోవడానికీ వంటకీ మనిషి కావాలన్నారు. నన్ను తీసుకోవడానికి కారణం నా వంట కాదు, నా హిందీ. అమ్మగారి పెద్దలు బాగ్దాద్ నుంచి బొంబాయి వచ్చి స్థిరపడ్డవాళ్ళు. ఆవిడ అక్కడే పుట్టి, పెళ్ళయ్యాక లండన్ వెళ్ళిపోయింది. ఎనభై దాటినా నోట్లో చిన్నప్పటి బొంబాయి హిందీ అలాగే ఉంది. నాదేమో దుబాయ్ హిందీ. మా మాటలన్నీ ఆ రెండు హిందీల మధ్యే నడిచాయి. ఇక్కడ మాత్రం తెలుగులో రాస్తున్నాను, నా మనసులో అవి అలాగే ఉండిపోయాయి కాబట్టి.

ఆ వంటింట్లో రెండు సింకులు. ఎడమది మాంసానికి, కుడిది పాలకి. గిన్నెలు రెండు జతలు, గరిటెలు రెండు జతలు, కత్తులు, కూరలు తరిగే చెక్కలు, తోమే పీచులు, తుడిచే గుడ్డలు, అన్నీ రెండేసి. మాంసం వైపువాటి పిడులకి ఎర్ర టేపు, పాల వైపువాటికి నీలం టేపు. అన్నం, కూరగాయలు, గుడ్లు, చేపలు అటూ ఇటూ కానివి కాబట్టి వాటికి టేపు లేని మూడో జత. మా ఇంట్లో ఉన్నవి మొత్తం కలిపి నాలుగు గిన్నెలు, అందులో ఒకటి చిల్లుది. ఇక్కడ నీలం చెంచా పొరపాటున ఎర్ర డ్రాయరులో పడితే ఇల్లంతా వెతుకులాట. గుడ్డు కొడితే నేరుగా గిన్నెలో కొట్టకూడదు, ఒక్కొక్కటీ గాజు గ్లాసులో కొట్టి రక్తపు చుక్క ఉందేమో చూడాలి, ఉంటే పారెయ్యాలి. కొత్తిమీర ఉప్పునీళ్ళలో నానబెట్టి, ఆకు ఆకూ వెలుతురుకి పెట్టి పురుగుందేమో చూడాలి. చేప కొంటే తోలు తీయించకూడదు, పొలుసులు కళ్ళతో చూశాకే లోపలికి రావాలి. పొలుసూ రెక్కా ఉన్నదే చేప, మిగిలినవి చేపలు కావు. రొయ్య కాదు, పీత కాదు, వాలుగ కాదు. రొయ్య లేకుండా బతికేదెలా అని నేను అంటే ఆవిడ నవ్వేది. పులసకి పొలుసులున్నాయా అని ఒకసారి ఆవిడే అడిగింది. ఉన్నాయంటే, అయితే మీ గోదావరి నాకు పనికొస్తుంది అంది.

నెలకి రెండు సెలవు రోజులు నాకు. సత్వాలో మా ఊరివైపు ఆడవాళ్ళు ఆరుగురు కలిసి తీసుకున్న గది ఉండేది, అక్కడికి వెళ్ళి కడుపునిండా రొయ్యల ఇగురు తిని వచ్చేదాన్ని. లోపలికి అడుగు పెట్టగానే అమ్మగారు గాలి పీల్చి, తిన్నావా అనేది. తిన్నానంటే బాగుందా అనేది. బాగుందంటే, సంతోషం, ఇక చేతులు కడుక్కో అనేది. తను తినకూడనిది నేను తింటే ఆవిడకి ఏ బాధా లేదు, చిరాకూ లేదు. మా ఊళ్ళో నియమాలున్నవాళ్ళు ఎదుటివాడు తినేదాన్ని బట్టి మనిషికి విలువ కట్టేవాళ్ళు. ఈవిడ అలా కాదని నాకు నమ్మకం కుదరడానికి చాలా రోజులు పట్టింది, ఈలోపు ఒక గొడవ కూడా జరిగింది.

నేను చేరిన మూడోవారంలో ఎక్కడో విదేశం నుంచి గడ్డకట్టించిన మాంసం వచ్చింది. వాళ్ళ పద్ధతిలో కోసి, ఉప్పు పట్టించి, సీలు వేసి పంపిన మాంసం. అది దొరకడమే గగనం. అమ్మగారు భూతద్దం పెట్టి సీలు చూసి నాకు అప్పజెప్పింది. నా చేతులకి తెలిసిన పనే నేను చేశాను. అల్లం వెల్లుల్లి, కారం, పసుపు, గరిటెడు పెరుగు వేసి కలిపి నానబెట్టాను. మేకమాంసంలో పెరుగు వెయ్యని తెలుగిల్లు ఉంటుందా? గిన్నె అమ్మగారే పొయ్యి మీద పెట్టింది. ఉడికి వాసన వస్తుంటే, ముక్క ఇంత మెత్తగా రావడానికి పెరుగే కారణమని గొప్పగా చెప్పాను. ఆవిడ కుర్చీలోంచి లేచి పొయ్యి ఆపేసింది. మాంసంలో పాలు కలవకూడదన్నది వాళ్ళ నియమాలన్నిటికీ తల్లివేరు. గిన్నెలూ సింకులూ టేపులూ అన్నీ దానికోసమే పుట్టాయి. నేను చెంచాలు వేరుచెయ్యడం నేర్చుకున్నానుగానీ, పెరుగు కూడా పాలే కదా అన్నది నా బుర్రకి తట్టలేదు. ఆవిడ నన్ను ఒక్క మాట అనలేదు. మొత్తం పారెయ్యమంది, గిన్నె కూడా పక్కన పెట్టెయ్యమంది. అంత మాంసం చూసి నాకు ప్రాణం ఒప్పలేదు. నేను తింటానన్నాను. వద్దంది. పోనీ సత్వాలో మావాళ్ళకి ఇస్తానన్నాను. వద్దంది. వీధిలో పిల్లులకైనా వేస్తానంటే, వాటికి కూడా వద్దంది.

నాకు ఒళ్ళు మండిపోయింది. మా అమ్మ చాకలి. ఊళ్ళో ఇళ్ళకి బట్టలుతికి, సాయంత్రం గంప చంకన పెట్టుకుని వెళ్తే మిగిలిన అన్నమో పులుసో వేసేవాళ్ళు. అందులో వాళ్ళ గొప్పతనం ఏమీ లేదని పెద్దయ్యాక తెలిసిందిగానీ, వెయ్యడం మాత్రం వేసేవాళ్ళు. చెత్తబుట్టలో పడేసినా సరే నీకు మాత్రం పెట్టను అన్నవాళ్ళు నా జన్మలో ఈవిడే అనుకున్నాను. రెండు రోజులు ముక్తసరిగా మాట్లాడాను. మూడోరోజు ఆవిడే నన్ను కూర్చోబెట్టి చెప్పింది. పాలూ మాంసం కలిపి వండినదాన్ని వాళ్ళు తినకూడదు సరే, దానివల్ల ఏ మేలూ కూడా పొందకూడదట. "అది నీకు పెడితే నువ్వు నన్ను మంచిదంటావు. ఆ మంచిమాట కూడా నేను తీసుకోకూడదు" అంది. నాకు సగం అర్థమైంది. సగం కోపం మిగిలింది.

మిగిలిన సగం కోపం గిన్నె దగ్గర ఉంది. ఆ ఇంట్లో వంట మొత్తం నాది. కడగడం, తరగడం, మసాలా నూరడం, ఉప్పు చూడకుండా వాసనతోనే సరిపెట్టడం, అన్నీ నేనే. కానీ గిన్నె పొయ్యి మీద ఎక్కించేది మాత్రం ఆవిడే. కీళ్ళవాతంతో వేళ్ళు వంకర్లు పోయాయి, రెండు చేతులతో పట్టుకున్నా గిన్నె వణికేది. నేను పక్కన నిలబడి చూడాలి. సాయం పట్టబోతే ఆగమనేది. ఆవిడ పెట్టాక మళ్ళీ కలపడం, మంట చూడడం అన్నీ నావే. రోజుకి రెండుసార్లు నా కళ్ళముందు ఆ తంతు జరిగేది. అది చూసిన ప్రతిసారీ నాకు మా అమ్మ గుర్తొచ్చేది.

ఆ సంగతి ఒకనాటికి బయటికి వచ్చింది. వసంతకాలంలో వాళ్ళకొక వారం పండగ ఉంటుంది, రొట్టె ఇంట్లో ఉండకూడదు. వాళ్ళ బాగ్దాదువాళ్ళు అన్నం తింటారు, కానీ ఆ బియ్యంలో గోధుమగింజ ఒక్కటీ ఉండకూడదు, అందుకని మూడుసార్లు ఏరాలి. బల్లమీద తెల్లగుడ్డ పరిచి ఎదురెదురుగా కూర్చున్నాం. బియ్యం ఏరడంలో నన్ను మించినవాళ్ళు లేరు. ఆవిడ ఒక పిడికెడు ఏరేలోపు నేను చేరెడు ఏరేసేదాన్ని, ఆవిడ మళ్ళీ నావి చూసి ఒక్క గింజ దొరికితే నా ముందు పెట్టి మురిసిపోయేది. అలా మాటల్లో ఉండగా మీ అమ్మ ఏంచేసేది అని అడిగింది. చెప్పాను. కరణంగారింటి బట్టలు అమ్మ ఉబ్బలో పెట్టి ఆవిరి పట్టించి, కాలవలో మల్లెపువ్వుల్లా ఉతికి, ఆరబెట్టి, మడతపెట్టి మోసుకెళ్ళి అరుగుమీద పెట్టేది. లోపల్నుంచి ఆ ఇంటావిడ కర్రతో వాటిని ఎత్తి, నూతి నీళ్ళలో మళ్ళీ ముంచి దండెంమీద ఆరేసేది. అప్పుడుగానీ అవి మడిబట్టలు కావు. ఉతికినవాటిని మళ్ళీ ఎందుకు తడుపుతున్నారే అని నేను ఆరేళ్ళప్పుడు అడిగితే, "మనం ముట్టుకున్నాం కదే, అందుకు" అంది మా అమ్మ. కోపంగా చెప్పలేదు. వానొస్తోంది బట్టలు తియ్యి అన్నట్టే చెప్పింది. అదంతా అమ్మగారికి చెప్పి, నా చెయ్యి కూడా అలాగే అంటుతుందా, అందుకేనా మీరు గిన్నె నన్ను ఎక్కించనివ్వరు అని అడిగేశాను.

ఆవిడ బియ్యంలోంచి చేతులు తీసేసింది. ముందు మా అమ్మ పేరడిగింది. సత్తెమ్మ అన్నాను. నోరు తిరగకపోయినా రెండుసార్లు పలికి చూసుకుంది. తర్వాత చెప్పింది. "నీ చెయ్యి మురికని కాదు లక్ష్మీ. వేరేవాళ్ళ చేతివంటకి అలవాటు పడితే వాళ్ళకి దగ్గరైపోతాం, పిల్లలు వాళ్ళలో కలిసిపోతారు, మనం మిగలం అని మా పెద్దవాళ్ళకి భయం. మురికంటే అసహ్యం. ఇది భయం." మళ్ళీ తనే అంది, ఇప్పుడు నేను కలిసిపోవడానికి మిగిలింది ఏముందిలే అని. బొంబాయిలో వాళ్ళ వీధి పోయింది, ఆ మనుషులు తలో దేశం పోయారు, లండన్‌లో భర్త పోయాడు, కొడుకు హోటళ్ళలో ఏది పెడితే అది తింటున్నాడని ఆవిడకి తెలుసు. ఏ ఊళ్ళో నిద్రలేచినా తనెవరో తనకి చెప్పేవి ఆ రెండు జతల గిన్నెలేనట. ఆ రోజు మధ్యాహ్నం నుంచి ఆవిడ నన్ను తన ఎదురుగా బల్లమీదే కూర్చుని తినమంది. గిన్నె మాత్రం ఆవిడే ఎక్కించేది. నాకు మళ్ళీ ఎప్పుడూ అది చూస్తే మా అమ్మ గుర్తురాలేదని చెబితే అబద్ధం అవుతుంది. కానీ కోపం తగ్గింది, తగ్గిన చోట ఇంకేదో వచ్చింది.

శుక్రవారాలు నాకు ఇష్టంగా ఉండేవి. కోడి పొట్టలో బియ్యం, కోడి చుట్టూ బియ్యం, టమాటా, యాలకులు, దాల్చినచెక్క, పైన పెంకుతోనే గుడ్లు. దాని పేరు హమీన్. పొద్దు వాలకముందే గిన్నె పొయ్యెక్కాలి. వాలాక శనివారం చీకటిపడేదాకా ఆవిడ మంట ముట్టుకోదు. పొయ్యిమీద ఒక రేకు, దానిమీద గిన్నె, కింద సన్నటి సెగ. తెల్లారేసరికి గుడ్లు తేనెరంగుకి తిరిగేవి, అడుగున బియ్యం ఎర్రగా మాడేది, ఆ వాసన గదులన్నీ తిరిగి వచ్చేది. ఆ మాడు కోసం మేమిద్దరం పోట్లాడుకునేవాళ్ళం. పళ్ళు లేవు, మీకెందుకు అనేదాన్ని నేను, నానబెట్టుకు తింటాననేది ఆవిడ. పక్కన బొంబాయి నుంచి తెప్పించుకున్న పచ్చి మామిడి ఊరగాయ ఉండాల్సిందే. అందులో ఆవపిండి తక్కువని నేను ప్రతివారం వంకపెట్టేదాన్ని.

రెండో ఏడు ఆవిడకి మరుపు మొదలైంది. మాంసం తిన్నాక ఆరుగంటలదాకా పాలు ముట్టకూడదన్నది నియమం. ఆవిడకి చాయ్ అంటే ప్రాణం. ఒంటిగంటకి మాంసం తిని రెండున్నరకి చాయ్ అడిగేది. నేను గుర్తుచేస్తే చెంపలు వేసుకుని, సరే, ఎప్పుడు తాగొచ్చో చెప్పు అనేది. క్రమంగా లెక్క మొత్తం నా తలమీదికి వచ్చింది. ఒకరోజు ఎజ్రా సార్ తనే చాయ్ కలిపి తెచ్చి తల్లికి ఇవ్వబోతే అడ్డం వెళ్ళాను. ఏడింటిదాకా కుదరదన్నాను. ముసలావిడ చాయ్ తాగితే ఏమవుతుంది, నువ్వు మా అమ్మని మించిపోయావు అని ఆయన చిరాకుపడ్డారు. కందకి లేని దురద కత్తిపీటకెందుకని నాకూ అనిపించింది. కానీ అమ్మగారు నా వెనకాల నిలబడి నా కొంగు పట్టుకుని ఉంది. లక్ష్మికి అన్నీ తెలుసు, తను చెప్పిందే మాట, ఖలాస్ అంది కొడుకుతో. మా అమ్మ ముట్టుకున్న బట్ట మళ్ళీ తడిపిన లోకంలోంచి వచ్చినదాన్ని, ఇంకొకరి మడికి నేను కాపలా అయ్యాను. అప్పుడు నాకు కలిగిన గర్వం నా పెళ్ళప్పుడు కూడా కలగలేదు.

ఇక రాయకుండా తప్పించుకోలేనిది ఆ శుక్రవారం. ఎజ్రా సార్ ఊళ్ళో లేరు. రెండు రోజులుగా ఆవిడకి జ్వరం, నిద్ర లేదు, నాకూ లేదు. మధ్యాహ్నం మందు వేశాక కన్ను మూతపడింది. నేను హమీన్ అంతా సిద్ధం చేసి, మూతపెట్టి, ఆవిడ కోసం చూస్తూ కూర్చున్నాను. పొద్దు దిగిపోతోంది. ఇరవై నిమిషాలు మిగిలి ఉండగా గదిలోకి వెళ్ళాను. నోరు కొంచెం తెరుచుకుని, చిన్నపిల్లలా పడుకుని ఉంది. లేపితే లేచేది. నడిపించుకొస్తే వచ్చి, ఆ వేళ్ళతోనే ఎక్కించేది. నేను లేపలేదు. జాలిపడ్డాను, అది నిజం. వంటింట్లోకి వచ్చి గిన్నె రెండు చేతులా ఎత్తినప్పుడు, ఇన్నాళ్ళూ పక్కన నిలబెట్టారుగా, ఒక్కసారి నా చేత్తో ఎక్కితే ఆకాశం ఊడిపడుతుందా చూద్దాం అని లోపల ఒక గొంతు అంది. అదీ నిజమే. ఎన్నిసార్లు తలుచుకున్నా అందులో జాలి ఎంతో అక్కసు ఎంతో నేను విడదీయలేకపోతున్నాను. గిన్నె పెట్టేశాను, మంట తగ్గించాను.

చీకటి పడుతుండగా ఆవిడకి మెలకువ వచ్చింది. కిటికీ వైపు చూసి కంగారుపడి, గిన్నె ఏమైందని అడిగింది.

"ఎక్కించారుగా అమ్మగారూ. మీరే ఎక్కించి వచ్చి పడుకున్నారు."

ఆవిడ తన రెండు చేతులూ దుప్పటిమీద పెట్టుకుని చూసుకుంది. "నాకు గుర్తులేదు" అంది. తర్వాత నా మొహంలోకి చూసి, "నీకు గుర్తుందిగా, అది చాలు" అని పడుకుంది.

ఆ అబద్ధం ఎంత తేలిగ్గా నా నోట్లోంచి వచ్చిందో తలుచుకుంటే ఇప్పటికీ నాకు నామీద అసహ్యం వేస్తుంది. చూసినవాళ్ళు లేరు, అడిగేవాళ్ళు లేరు. మరుపున్న మనిషికి గుర్తుచేసే పని నాది, ఆ పనినే అడ్డం పెట్టుకుని మోసం చేశాను. మర్నాడు జ్వరం కాస్త తగ్గి లేచి కూర్చుంది. ఎప్పటికన్నా ఎక్కువ తింది. మాడు మొత్తం తనకే పెట్టాను, పోట్లాడలేదు. పళ్ళెం వేలితో తుడిచి నాకేసి, ఈ వారం నా చెయ్యి బాగా కుదిరింది కదూ అంది. కుదిరింది అమ్మగారూ అన్నాను.

సోమవారం ఆస్పత్రిలో చేర్చాం. అక్కడ ప్లేటు వచ్చినప్పుడల్లా ఇది పాలదా మాంసందా అని నన్ను అడిగేది. తెలీదంటే తోసేసేది. అరటిపండ్లూ ఆపిల్ ముక్కలూ మాత్రం నేను వలిచి పెడితే తినేది. చెప్పేద్దామని రెండుసార్లు మంచం దగ్గరికి కుర్చీ జరుపుకున్నాను. మొదటిసారి నర్సు వచ్చింది. రెండోసారి ఎవరూ రాలేదు, నేనే అరటిపండు వలిచి ఆవిడ చేతిలో పెట్టాను. అంత నీరసంలో ఉన్న మనిషికి, మీరు మొన్న సంతోషంగా తిన్నది మీ నియమం తప్పిన అన్నం అని ఎలా చెప్పను? బుధవారం మధ్యాహ్నం పోయింది. ఎజ్రా సార్ ఆవిడని లండన్ తీసుకువెళ్ళారు, భర్త పక్కన పెట్టడానికి. వెళ్ళేముందు కళ్ళు తుడుచుకుంటూ, చివరిదాకా అమ్మ నియమం తప్పకుండా వెళ్ళింది, అది నీ పుణ్యమే లక్ష్మీ అన్నారు. నేను తల వంచుకుని ఆవిడ చెప్పులు సంచిలో సర్దుతున్నాను. అప్పుడు తల ఎత్తి ఉండాల్సింది. ఎత్తలేదు.

తర్వాత ఆ ఇల్లు ఖాళీ చేశారు. నేను వేరే ఇళ్ళకి మారాను. ఇప్పుడు పగటిపూట రెండు ఇళ్ళల్లో వంట చేసి, అల్ కుసైస్‌లో గదికి వచ్చేస్తాను. ఏ ఇంట్లోనూ ఏ గిన్నెకీ రంగు లేదు. ఏ చెంచాతో ఏది కలిపినా ఎవరికీ పట్టదు. ఎంత హాయి అని అందరూ అంటారు. నాకు మాత్రం మొదట్లో చేతులు ఏం చెయ్యాలో తెలియక ఆగిపోయేవి. ఆ ఇంట్లో నేను తప్పు చేస్తానేమోనని ఒక మనిషి కళ్ళల్లో వత్తులేసుకుని చూసేది. అలా నన్ను చూసినవాళ్ళు ముందూ లేరు, తర్వాతా లేరు. ఇప్పుడు పెరుగు పోసి మాంసం వండుతాను, ఎప్పుడూ బాగానే కుదురుతుంది. గుడ్డు మాత్రం ఇప్పటికీ గ్లాసులోనే కొడతాను.

శుక్రవారం ఎజ్రా సార్ కొత్త ఫ్లాటుకి వెళ్ళాను. చిన్నది, అద్దాల కిటికీలు, కిందంతా సముద్రం. ఒకటే సింకు. ఒకే చెక్కమీద వెన్న కోసిన కత్తీ, పక్కనే ప్యాకెట్టు మాంసం. కూతురు సాయంత్రం విమానానికి వస్తుందట. నేను కొంగు బిగించి పనిలో దిగాను. కోడి కడిగి, బియ్యం కలిపి, పొట్ట కుట్టి, గిన్నెలో పేర్చి, గుడ్లు పైన పెట్టి, మూత వేశాను. అక్కడికి వచ్చాక చేతులు ఆగిపోయాయి. సార్‌ని పిలిచి, మీరొచ్చి గిన్నె ఎక్కించండి అన్నాను. ఆయన ఫోన్ చూసుకుంటూ వచ్చి నవ్వారు. మాకు అలాంటి పట్టింపులేమీ లేవు, నువ్వే పెట్టెయ్ అన్నారు.

అప్పుడు చెప్పేశాను. ఆ శుక్రవారం, ఆవిడ నిద్ర, ఇరవై నిమిషాలు, నేనాడిన అబద్ధం, నా చెయ్యి కుదిరిందని ఆవిడ అన్న మాట, ఏదీ దాచలేదు. మధ్యలో ఏడుపొచ్చినా ఆపలేదు. ఆయన కోపంతో బయటికి పొమ్మంటారని భయపడ్డాను, పొమ్మంటే వెళ్ళిపోవడానికి నా సంచి తలుపు దగ్గరే పెట్టుకున్నాను కూడా. అంతా విని ఆయన మంచినీళ్ళ గ్లాసు తెచ్చి నా చేతికిచ్చారు.

"ఇదా లక్ష్మీ? దీనికా ఇన్నాళ్ళూ బాధపడుతున్నావు? అమ్మకి తెలియలేదుగా. ఇందులో ఏముంది, మర్చిపో."

మంచి మనిషి ఆయన. మనస్ఫూర్తిగానే అన్నారు. ఆ నీళ్ళు తాగుతుంటే నాకు ఆస్పత్రిలో కూడా రానంత దుఃఖం వచ్చింది. నేను చేసింది తప్పని అనగలిగిన మనిషి ఈ భూమ్మీద ఒక్కతే ఉండేది. ఆవిడైతే పొయ్యి ఆపేసేది, గిన్నె పక్కన పెట్టించేది, రెండు రోజులు నాతో మాట్లాడేది కాదు, మూడోరోజు కూర్చోబెట్టి చెప్పేది. ఇన్నాళ్ళూ మోసినదాన్ని తీసుకెళ్ళి, అది బరువే కాదనే మనిషికి అప్పజెప్పాను.

ఆయన ఫోన్ మళ్ళీ మోగింది. మాట్లాడుతూ బాల్కనీలోకి వెళ్ళి తలుపు వేసుకున్నారు. పొద్దు వాలడానికి ఇంకా చాలా సేపుంది. నేను గిన్నె రెండు చేతులా ఎత్తి పొయ్యిమీద పెట్టాను. మంట తగ్గించి, మూత సరిచేసి, కాసేపు అక్కడే నిలబడ్డాను, ఎవరైనా ఏమైనా అంటారేమోనని. ఎవరూ ఏమీ అనలేదు.